జ్వాలాపురం బూడిద

ఉండి, కొల్లేరు ప్రాంతాల ఒండ్రునేల కొన్ని వేల ఏండ్లనాటిది మాత్రమే. ఆదిమానవుని జాడలకై కర్నూలు సీమకు పోవాలి. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి జుర్రేరు లోయలోని జ్వాలాపురం వద్ద మేటవేసింది. ఊరిపేరు ఎంత సార్థకం!

బూడిదకు దిగువనా, ఎగువనా ఒకే తీరు రాతి పనిముట్లు లభించాయని పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ ప్రభృతులు 2007లో ప్రకటించారు. వాటిని చేసినవారు ఆధునిక మానవులే కావచ్చునని వారి అభిప్రాయం. మెల్లర్స్ మొదలైనవారు 2013లో దీనిని ఖండించారు. ఆధునిక మానవులు 60,000 ఏండ్లకు ముందు ఇక్కడికి రాలేదని వారి వాదం.

భిన్న మానవజాతులు రాతిని ఒకే తీరున చెక్కవచ్చు. అందువలన పనిముట్టు కంటె ఎముకయే బలమైన సాక్ష్యం. ఆ పొరలలో మానవుని ఎముక లభించలేదు. అయితే ఇరుపక్షాలలో ఎవరూ పరిణామాన్ని శంకింపలేదు. వచ్చినవారెవరు, ఎప్పుడు వచ్చారు అన్నదే వివాదం.