మూడేళ్లు.. మూడు గోల్స్‌: బరీలో భూటియా

విదేశీ క్లబ్బుతో ఒప్పందం కుదిరిందనగానే ఆటగాడి దశ తిరిగినట్లేనని చాలామంది భావిస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుందని తెలియాలంటే బైచుంగ్‌ భూటియా ఇంగ్లాండు అనుభవాన్ని పరిశీలించాలి. 1999 సెప్టెంబరు 30న ఇంగ్లాండులోని బరీ క్లబ్బుతో అతడు మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఐరోపా క్లబ్బుతో వృత్తి ఆటగాడిగా సంతకం చేసిన తొలి భారతీయుడిగా పత్రికల పతాక శీర్షికలకెక్కాడు. (1936లో కోల్‌కతాకు చెందిన మహమ్మద్‌ సలీం స్కాట్లాండులోని సెల్టిక్‌ తరఫున బూట్లు లేకుండా, పాదాలకు పట్టీలు చుట్టుకుని రెండు మ్యాచ్‌లు ఆడిన సంగతిని మరువరాదు.) 2002లో భూటియా స్వదేశానికి తిరిగొచ్చే నాటికి లెక్క ఇదీ: 37 లీగ్‌ మ్యాచ్‌లు, 3 గోల్స్‌. అంకెలను మాత్రమే చూస్తే వైఫల్యమే. ఆ అంకెలు అలా ఎందుకున్నాయో తెలుసుకుంటే అభిప్రాయం మారుతుంది.

కొండ పల్లె నుంచి లక్ష మంది ముందుకు..

భూటియా 1976 డిసెంబరు 15న సిక్కింలోని టింకితామ్‌ అనే పల్లెలో జన్మించాడు. పదకొండేళ్ల వయసులో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఉపకార వేతనం లభించడంతో గ్యాంగ్‌టక్‌లోని తాషీ నామ్‌గ్యాల్‌ అకాడమీలో చేరాడు. 1993లో, పదహారేళ్లకే ఈస్ట్‌ బెంగాల్‌ చొక్కా తొడిగాడు. రెండేళ్ల తర్వాత పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్‌కు మారాడు. 1996-97లో తొలి జాతీయ లీగ్‌ను ఆ జట్టు గెలుచుకున్నప్పుడు అత్యధిక గోల్స్‌ సాధించింది అతడే. మళ్లీ ఈస్ట్‌ బెంగాల్‌కు వచ్చాక 1997 జులై 13న ఫెడరేషన్‌ కప్‌ సెమీఫైనల్లో మోహన్‌ బగాన్‌పై హ్యాట్రిక్‌ కొట్టాడు. ఆ రోజు సాల్ట్‌లేక్‌ స్టేడియంలో లక్షా ముప్ఫై వేల మంది ఉన్నారు. 1998లో అర్జున పురస్కారం దక్కింది.

ఇరవై రెండేళ్లకే దేశంలో అతడు నిరూపించుకోవలసింది పెద్దగా మిగల్లేదు. ఇంగ్లాండులో మాత్రం అతడెవరికీ తెలియదు. ఫుల్‌హామ్‌, వెస్ట్‌ బ్రామ్‌విచ్‌ ఆల్బియన్‌, ఆస్టన్‌ విల్లా క్లబ్బుల ఎంపిక పరీక్షలకు హాజరైనా ఫలితం లేకపోయింది. చివరికి తలుపు తెరిచింది బరీ.

పేరు రెండు.. స్థాయి మూడు

మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న చిన్న పట్టణం బరీ. 1885లో ఏర్పడిన ఈ క్లబ్బు 1900, 1903 సంవత్సరాల్లో ప్రతిష్ఠాత్మక ఎఫ్‌ఏ కప్‌ గెలిచింది. ఆపై అంతటి వైభవం చూడలేదు. భూటియా చేరేనాటికి అది ‘సెకండ్‌ డివిజన్‌’లో ఉంది. పేరులో రెండు ఉన్నా అది మూడో అంచె పోటీ. ప్రీమియర్‌ లీగ్‌ 1992లో విడిగా ఏర్పడటంతో కింది డివిజన్ల పేర్లన్నీ ఒక మెట్టు జరిగాయి. బరీ సొంత మైదానం గిగ్‌ లేన్‌లో పట్టేది సుమారు 12 వేల మందే. లక్ష మంది కేకల మధ్య ఆడినవాడికి అది వేరే లోకం.

అయితే ప్రేక్షకులు తక్కువైనంత మాత్రాన ఆట తేలికనుకుంటే పొరపాటు. ఆ డివిజన్‌లో 24 జట్లు. ఒక్కో జట్టు ఆగస్టు నుంచి మే వరకు 46 లీగ్‌ మ్యాచ్‌లు ఆడాలి. కప్పు పోటీలు అదనం. శనివారం ఒక మ్యాచ్‌ ఆడి మంగళవారం మరొకటి ఆడటం అక్కడ మామూలే. అదే సీజన్‌లో మన జాతీయ లీగ్‌లో ఒక్కో జట్టు ఆడినవి 22. పైగా భూటియా చేరింది సెప్టెంబరు చివర్లో. అప్పటికి సీజన్‌ మొదలై రెండు నెలలు కావస్తోంది. వేసవిలో జట్టంతా కలిసి చేసే శారీరక కసరత్తు, సహచరులతో అవగాహన పెంచుకునే స్నేహపూర్వక మ్యాచ్‌లు అతడికి దక్కలేదు. చలి, బురద మైదానాలు, భుజబలంతో అడ్డుకునే డిఫెండర్లు.. వీటన్నింటికీ పోటీ మ్యాచ్‌ల్లోనే అలవాటు పడాల్సి వచ్చింది. భూటియా బలం వేగం, చురుకుదనం. ఆ స్థాయి పోటీల్లో ముందుగా అడిగేది దేహదారుఢ్యం.

అక్టోబరు 3న కార్డిఫ్‌ సిటీపై సబ్‌స్టిట్యూట్‌గా బరిలోకి దిగాడు. అతడు కొట్టిన బంతి మళ్లి సహచరుడి ముందుకు వెళ్లగా, బరీ రెండో గోల్‌ నమోదైంది. ఆరంభం బాగానే ఉంది. కానీ సొంత ఖాతాలో తొలి గోల్‌ పడింది 2000 ఏప్రిల్‌ 15న, చెస్టర్‌ఫీల్డ్‌పై. ఆరు నెలలకు పైగా నిరీక్షణ! గోల్స్‌ కోసమే తెచ్చుకున్న ఫార్వర్డ్‌కు అన్ని నెలలు ఎంత భారంగా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. అతడిని తీసుకున్న మేనేజర్‌ నీల్‌ వార్నాక్‌ సైతం 1999 డిసెంబరులోనే షెఫీల్డ్‌ యునైటెడ్‌కు వెళ్లిపోయారు.

తర్వాత మోకాలి గాయం వదల్లేదు. 2001 ఆగస్టు 27న స్విండన్‌ టౌన్‌ చేతిలో 0-3తో ఓడిన మ్యాచే బరీ తరఫున అతడికి చివరిది. 2002లో క్లబ్బు అప్పుల పాలై న్యాయపరమైన నిర్వహణలోకి వెళ్లింది. అదే ఏడాది ప్రసార సంస్థ ఐటీవీ డిజిటల్‌ కుప్పకూలడంతో కింది డివిజన్ల క్లబ్బులన్నీ టీవీ ఆదాయం కోల్పోయాయి. అలాంటి సమయంలో గాయపడిన విదేశీ ఆటగాడిని భరించే స్తోమత ఎవరికుంటుంది? (2019 ఆగస్టులో బరీని లీగ్‌ నుంచే బహిష్కరించారు. కారణం మళ్లీ డబ్బే.)

హైదరాబాద్‌ చూసిన భూటియా

తిరిగొచ్చిన భూటియా వెనుకబడలేదు. 2003లో జకార్తాలో ఈస్ట్‌ బెంగాల్‌ ఆసియాన్‌ క్లబ్‌ టోర్నీ గెలిచినప్పుడు అత్యధిక గోల్స్‌ అతడివే. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్‌ కప్‌లో భారత జట్టు గ్రూపు మ్యాచ్‌లు ఆడింది హైదరాబాద్‌లోనే. వర్షాల కారణంగా ఫైనల్‌ను దిల్లీకి మార్చారు. తజికిస్థాన్‌ను 4-1తో ఓడించి భారత్‌ 2011 ఆసియా కప్‌కు అర్హత పొందింది. టోర్నీ ఉత్తమ ఆటగాడు కెప్టెన్‌ భూటియానే.

ఇప్పుడు వెళ్లాలంటే..

బరీ తర్వాత దారి సులువు కాలేదు. 2009లో సునీల్‌ ఛెత్రి క్వీన్స్‌ పార్క్‌ రేంజర్స్‌తో ఒప్పందానికి సిద్ధమైనా ఇంగ్లాండు వర్క్‌ పర్మిట్‌ నిరాకరించింది. ఫిఫా ర్యాంకింగ్స్‌లో భారత్‌ తొలి 70 స్థానాల్లో లేకపోవడమే కారణం. గోల్‌కీపర్‌ గుర్‌ప్రీత్‌ సింగ్‌ సంధు 2014లో నార్వే క్లబ్బు స్టాబెక్‌ను ఎంచుకుని, 2016లో యూరోపా లీగ్‌లో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. ఇంగ్లాండులో 2021 నుంచి పాయింట్ల విధానం అమల్లో ఉంది. దేశం ర్యాంకు, ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లు, లీగ్‌ స్థాయి తదితరాలకు పాయింట్లు ఇస్తారు. అక్కడి ఫుట్‌బాల్‌ సంఘం ఆమోదానికి దరఖాస్తు చేయాల్సింది ఆటగాడిని తీసుకునే క్లబ్బే. మధ్యవర్తి కాదు.

పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాళ్లను ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ చేయడాన్ని ఫిఫా నిబంధనలు నిషేధిస్తున్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వలస వెళ్లడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పద్నాలుగేళ్ల కుమారుడికి ఐరోపా క్లబ్బులో స్థానం ఇప్పిస్తానంటూ ఎవరైనా రుసుము అడిగితే, ఏ మినహాయింపు కింద నమోదు చేయిస్తారో, దరఖాస్తు చేసే క్లబ్బు ఏదో కాగితంపై రాసివ్వమని తల్లిదండ్రులు కోరాలి.