4 ఎంబీ ఫొటోకి ఫొటోషాప్ ఎందుకు ఆయాసపడుతుంది?

ఫోనులో తీసిన ఫొటో 4 ఎంబీయే. ఫొటోషాప్‌లో నాలుగు మార్పులు చేసేసరికి కంప్యూటర్‌ది నత్తనడక! ఎందుకు?

ఆ ఫొటో జేపెగ్ ఫైలు, అంటే కుదించి దాచిన బొమ్మ. దిద్దాలంటే దాన్ని పూర్తిగా విప్పాలి. వెడల్పు 4000, ఎత్తు 3000 పిక్సెళ్లయితే మొత్తం 1.2 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. అంటే దాదాపు 36 ఎంబీ! నిండు లేయర్ చేర్చిన ప్రతిసారీ ఇంచుమించు అంత బరువు పెరుగుతుంది. పైగా మనం వెనక్కి వెళ్తామేమోనని పాత దశలు కూడా ఫొటోషాప్ గుర్తుంచుకోవాలి, మామూలుగా 50 దాకా.

ఇదంతా ర్యామ్‌లో పట్టకపోతే, బల్ల మీద చోటు చాలక పుస్తకాలు అటకెక్కించినట్టు, మిగిలింది స్క్రాచ్ డిస్క్‌లోకి, అంటే ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్క్ చోటులోకి, పోతుంది. అక్కడినుంచి తెచ్చుకోవడం ఆలస్యం. అదీ నిండితే ఇక మొరాయింపే.

మరి ఎలా? ఎడిట్ మెనూలో పర్జ్ వాడితే పాత దశలు ఖాళీ అవుతాయి. కానీ ఆ తర్వాత వెనక్కి వెళ్లలేరు, జాగ్రత్త! స్క్రాచ్‌కి ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ అయితే మేలు.

అసలు దొంగ చాలాసార్లు రిజల్యూషనే. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 300 చుక్కలతో మొదలుపెడితే దాదాపు 78 కోట్ల పిక్సెళ్లు. 72తో నాలుగున్నర కోట్లే. రోడ్డు మీంచి చూసేవాళ్లకి తేడా తెలియదు.