మూర్ఛరోగి - నరాల వైద్యుడు

నాతవరం వంటి ఊళ్ళలో ఎవరైనా మూర్ఛపోయిన యెడల ముందుగా చేతిలో తాళాలగుత్తి పెడతారు. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాలలో తనంతట తానే ఆగిపోతుంది గనుక ఆ ఖ్యాతి ఇనుముకు దక్కుతుంది. నిజానికి చేయవలసినది ఒక్క ప్రక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ దూర్చకుండుట, గడియారం చూడటం. 5 నిమిషాలు దాటితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తరలించాలి.

తాళాల తరువాత తాయెత్తు. చాలాకాలానికి గాని విశాఖపట్నం వెళ్ళి కింగ్ జార్జి ఆసుపత్రిలో నరాల వైద్యునికి చూపించరు.

వైద్యుడు మొట్టమొదట విచారించేది సాక్షిని. రోగికి తనకేమి జరిగిందో తెలియదు. కనుక తల్లి గాని, భార్య గాని చెప్పాలి: ఏ చేయి ముందుగా కొట్టుకున్నది? కళ్ళు ఎటు తిరిగినవి? నాలుక కరుచుకున్నాడా? ఎంతసేపటికి తెలివి వచ్చింది? హదీసువేత్తలు ఉల్లేఖకుణ్ణి పరీక్షించినంత శ్రద్ధగా ఈ విచారణ సాగుతుంది. ఎందుకనగా, మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఇ.ఇ.జి. పరీక్ష మూర్ఛరోగిలో సైతం మామూలుగా ఉండవచ్చును.

కారణాలు అనేకం: తలకు దెబ్బ, పురిటిలో ఊపిరి అందకపోవడం, మెదడువాపు. మన దేశంలో ముఖ్యమైనది మరొకటి ఉంది. పందిలో పెరిగే బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులో పడితే, వాటి పిల్లలు మెదడుకు చేరి తిత్తులు కడతాయి. పందిమాంసం ముట్టని ముస్లింలకు ఇది ఎలా వస్తుంది? పురుగు ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటపడి, మురికినీటి ద్వారా, కడగని కూరల ద్వారా ఎవరి కడుపులోనికైనా పోతాయి. శాకాహారులకూ ఇదే గతి. స్కానింగులో ఆ తిత్తులు కనబడతాయి.

సరైన మందులు వాడితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాని ఏళ్ళ తరబడి, ఒక్క పూట తప్పకుండా మింగాలి. రమజాన్‌లో చిక్కు ఇక్కడే. వైద్యునికి చెప్పకుండా పగటి మాత్ర మానుకోవడం, దానికి తోడు సహరీ కోసం నిద్ర చెడటం - రెండూ కలిసి ఆగిన మూర్ఛను తిరిగి తెస్తాయి. నెల ముందుగానే అడిగితే, మందులను సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దడం వీలౌతుందేమో ఆయన చూస్తాడు. వీలుకాకుంటే ఉపవాసం వద్దంటాడు. రోగికి ఆ సడలింపు దివ్యఖుర్ఆన్ (2:184, 185) ఇచ్చినదే.

మూర్ఛతో బాధపడుతూ సహనాన్ని కోరుకున్న మహిళ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. దానిని చూపి చికిత్స వద్దనడం తొందరపాటు. చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసు అబూదావూద్‌లో ఉన్నది. ఇబ్నె సీనా తన ‘ఖానూన్’లో ఈ వ్యాధిని మెదడు రోగాల ప్రకరణంలోనే చేర్చి, మందులు చెప్పాడు.

రోగి రాలేనప్పుడు వైద్యుడే వెళ్ళిన ఉదాహరణ నెల్లూరులో ఉంది. నరాల వైద్యురాలు డాక్టర్ బిందు మీనన్ 2015లో ‘న్యూరాలజీ ఆన్ వీల్స్’ పేరిట ఒక వ్యాను ప్రారంభించి, పల్లెలకు వెళ్ళి మూర్ఛ, పక్షవాతం గురించి జనానికి బోధించి, ఉచితంగా పరీక్షించి మందులిచ్చే పద్ధతి పెట్టారు.