నెత్తురు చేరని చోటికి తిండి

వేటపాలెంలో గుంట మగ్గం ముందు కూర్చున్న నేత కార్మికుడి కాళ్లకు పని సాగినంతసేపూ తీరిక ఉండదు. గుంటలోని చెక్కను తొక్కితే పడుగు విడుతుంది, ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. తొక్కిన ప్రతిసారీ మోకాలు కదులుతుంది. వయసు మీదపడ్డాక ‘గుజ్జు అరిగింది’ అని డాక్టరు చెప్పేది ఆ మోకాలి గురించే.

అరిగేది మృదులాస్థి. ఎముకల కొసలను కప్పి ఉంచే ఈ నున్నని పొర మోకాట్లో సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కానీ జీవకణాలున్నాయి, వాటికి ఆకలుంది. గ్లూకోజు, ఆక్సిజన్ ముఖ్యంగా కీలులోని జిగట ద్రవం నుంచే, ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి మెల్లగా వ్యాపిస్తూ లోపలికి చేరాలి.

ఈ నడకకు ఒక లెక్క ఉంది. దూరం రెండింతలైతే పట్టే సమయం నాలుగింతలు. గ్లూకోజు ఒక మిల్లీమీటరు లోతుకు చేరడానికి దాదాపు అరగంట పడితే, రెండు మిల్లీమీటర్లకు రెండు గంటలు కావాలి.

దారిలో కాపలా కూడా ఉంది. నేతగాళ్లకు తెలిసిన రంగుతొట్టిలోనూ అలాంటిదే జరుగుతుంది. నీళ్లలో నానిన పత్తిపోగుకు ఋణావేశం, చాలా రంగులదీ అదే ఆవేశం. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు కలిపితే ఆ నెట్టుడు తగ్గి రంగు పోగులోకి దిగుతుంది. మృదులాస్థిలో ఋణావేశం మోసేది అగ్రికాన్ అనే భారీ అణువు. తనలాంటి ఆవేశమున్న వాటిని అది బయటికి తోస్తుంది, ధనావేశమున్న వాటిని లోపలికి లాక్కుంటుంది.

కీళ్ల అరుగుదల మొదలైనప్పుడు తొలుత తగ్గేవాటిలో అగ్రికాన్ ఒకటి. ఋణావేశమున్న గడోలినియం మందును ఎక్కించి ఎమ్మారై తీస్తే, అగ్రికాన్ తగ్గిన చోట ఆ మందు ఎక్కువగా చేరినట్టు కనబడుతుంది. పొర పైకి బాగానే ఉన్నా లోపలి నష్టం అలా బయటపడుతుంది.

మరి కదలిక వల్ల ఏం లాభం? గ్లూకోజులాంటి చిన్న అణువులు మోకాలు కదలకున్నా వ్యాపిస్తాయి. పెద్ద ప్రొటీన్లకు మాత్రం పొర నొక్కుకుని, తేరుకునేటప్పుడు పారే ద్రవం ఊతమిస్తుంది. పైగా కదిలినప్పుడు కీలులోని ద్రవం కలగలిసి, పొర అంచుకు తాజా పోషకాలు వస్తాయి. చాలాకాలం కదలని కీలులో ఈ పొర పలచబడుతుంది.

దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి బాగుపడదని లండన్‌లో వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు. ఇప్పటికీ వైద్యుల ముందున్న చిక్కు అదే. పైగా కీలులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చిన మందు పొరలోకి దిగేలోపే చాలావరకు బయటికి కొట్టుకుపోతుంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు అగ్రికాన్ ఆవేశాన్నే సాయంగా తీసుకున్నారు. మరమ్మతుకు తోడ్పడే ఐజీఎఫ్-1 ప్రొటీన్‌ను ధనావేశమున్న సూక్ష్మ వాహకానికి తగిలించారు. 2018లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, మనిషి పొరకు దగ్గరి మందమున్న పశువుల మృదులాస్థిలో అది రెండు రోజుల్లో అడుగుదాకా చేరింది. ఎలుకల మోకాళ్లలో 30 రోజుల వరకూ నిలిచింది.