ఐదు వాట్లు.. ఏడు సముద్రాలు!

అద్దె గది నుంచే ప్రపంచాన్ని పలకరిస్తున్న హామ్ రేడియో

1901 డిసెంబరు 12న సెయింట్ జాన్స్ ఊరి పక్కన సిగ్నల్ హిల్ మీద మార్కోనీ గాలిపటానికి తీగ కట్టి ఎగరేశాడు. అట్లాంటిక్ అవతలి ఇంగ్లాండ్ నుంచి ‘ఎస్’ అన్న ఒక్క అక్షరం వినపడిందని ప్రకటించాడు. ఆ ఒక్క అక్షరం పంపడానికి అవతల వేల వాట్లు ఖర్చుపెట్టారు. ఇప్పుడు అదే కెనడాలో, షిఫ్టు దిగొచ్చి బేస్‌మెంట్ గదిలో కూర్చుని, 5 వాట్లతోనే మనం సముద్రాలు దాటొచ్చు. ఇందులో ఇంటర్నెట్ పాత్ర లేదు, సిమ్ కార్డు అక్కర్లేదు.

చెవికి వినపడనిది కంప్యూటర్‌కు వినపడుతుంది

ఈ పద్ధతి పేరు ఎఫ్‌టీ8. పల్సర్ పరిశోధనకు 1993లో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చారు. 15 సెకన్లు ఒకరు పంపితే, తర్వాతి 15 సెకన్లు రెండోవారి వంతు. అందుకే కంప్యూటర్ గడియారం కచ్చితంగా ఉండాలి. చెవికి బుస్సుమనే మోత తప్ప ఏమీ తెలియనప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ అక్షరాలను ఏరి తెరమీద చూపిస్తుంది. అది ఉచితమే.

అయితే ఇందులో కబుర్లు కుదరవు. మన కాల్‌సైన్, మన చోటు, సిగ్నల్ ఎలా అందింది, చివర్లో ‘73’ అనే వీడ్కోలు.. అంతే. నిమిషం, నిమిషంన్నరలో ముగుస్తుంది. చోటుకూ ఓ కోడ్ ఉంది. టొరంటో ఎఫ్‌ఎన్03, హైదరాబాద్ ఎంకే97, విశాఖ ఎన్‌కే17.

మన ఊరికి దారి కష్టం

టొరంటో నుంచి హైదరాబాద్‌కు దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా పోతుంది. అక్కడ ధ్రువకాంతులు చెలరేగితే సిగ్నల్ మింగుడుపడిపోతుంది. యూరప్ తేలిగ్గా దొరికే రోజున కూడా ఇండియా దొరక్కపోవచ్చు. ఇక్కడ తెల్లవారి, అక్కడ పొద్దుగూకే వేళ 14.074 మెగాహెర్ట్జ్ మీద ఓపిగ్గా ప్రయత్నించాలి. ‘వీయూ’తో మొదలయ్యే కాల్‌సైన్ కనిపిస్తే మనవాళ్లే!

లైసెన్సు ఎలా?

వినడానికి లైసెన్సు అక్కర్లేదు, పంపడానికి తప్పనిసరి. పౌరసత్వం ఉండాలన్న నియమం లేదు, కెనడాలో చిరునామా ఉంటే చాలు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ రాయొచ్చు. బేసిక్ పరీక్షలో 100 ప్రశ్నలు. 70 శాతానికి పాసే గానీ, 80 తెచ్చుకుంటేనే దూరదేశాలకు వెళ్లే షార్ట్‌వేవ్ బ్యాండ్లు దక్కుతాయి. కాబట్టి 80కే గురిపెట్టండి. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. యాంటెన్నాకు సుమారు 10 మీటర్ల తీగ సరిపోతుంది. కట్టేముందు ఇంటి ఓనర్‌ను అడగడం మరవొద్దు.

సరదా ఒక్కటే కాదు

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం అక్కడ ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోతే పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమసమాచారాలు చేరవేసింది ఆ రేడియోనే. కెనడాలోనూ 2022 జులై 8న ఓ పెద్ద నెట్‌వర్క్ కుప్పకూలితే లక్షలమంది ఫోన్లు, కార్డు చెల్లింపులు ఆగిపోయాయి. ఆపదలో ఎఫ్‌టీ8 ఒక్కటే సరిపోదు. కానీ దానికోసం సంపాదించిన లైసెన్సు, కట్టిన తీగ, పట్టుబడిన అలవాటు అన్నీ అక్కరకొస్తాయి. ఇల్లు కాలాక బావి తవ్వేకన్నా, ఫోన్ పనిచేస్తున్న రోజుల్లోనే ఈ విద్య నేర్చుకోవడం మేలు.