బడిపిల్లల నెత్తురు – మన తిండి

మధ్యాహ్నమయ్యేసరికి కునికిపాట్లు పడే పిల్లవాడు ప్రతి పల్లెబడిలోనూ కనిపిస్తాడు. పంతులుగారు సోమరి అంటారు, తోటివాళ్లు మొద్దు అంటారు. వాడి కనురెప్పను కిందికి లాగి చూసేవారెవరు? అక్కడ ఎర్రగా ఉండవలసిన పొర పాలిపోయి ఉంటే అది సోమరితనం కాదు, రక్తహీనత కావచ్చు. రక్తపరీక్ష చేయిస్తేగాని తేలదు.

రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. ప్రాణవాయువును మెదడుకూ, కండరాలకూ మోసుకుపోయేది అదే. దాని తయారీకి ఇనుము కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5–11 ఏళ్ల పిల్లలకు డెసిలీటరు రక్తంలో 11.5 గ్రాములు, 12–14 ఏళ్లవారికి 12 గ్రాములు ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. బడికి వచ్చేది ఆ పిల్లలే కదా!

మన ఆలూరు మెట్ట ప్రాంతం. జొన్న, కొర్ర, సజ్జ ఈ నేల పంటలు. వంద గ్రాముల సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుముంటుంది; పాలిష్ బియ్యంలో ఒకటి కూడా ఉండదు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది, కాదనలేం. కాని రానురాను రొట్టె, సంగటి తగ్గి తెల్లన్నం పెరిగింది.

అయితే మళ్లీ జొన్నరొట్టె తింటే చాలునా? చాలదు. గింజలోని ఇనుమంతా ఒంటబట్టదు. పొట్టులోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. టీలోని టానిన్లూ అంతే. రొట్టె తిన్న వెంటనే పిల్లవాడికి టీ ఇస్తే, ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. విటమిన్ సి మాత్రం ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. దించిన పప్పులో పిండిన నిమ్మరసం, ఒక ఉసిరికాయ, ఒక జామపండు – ఇవేమీ మందులషాపు సరుకులు కావు. గింజలు మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. మాంసం, చేపల్లోని ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది.

తిన్నది నిలవాలంటే కడుపులో పురుగులుండరాదు. కొంకిపురుగు వట్టికాళ్ల గుండా ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం పీలుస్తుంది. అందుకే బడిలో నులిపురుగుల మాత్ర, వారానికొక ఇనుము మాత్ర ఇస్తారు. ఇనుము మాత్రతో మలం నల్లబడితే భయపడనక్కరలేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది.

కాని అసలు చిక్కు మరొకటి. వానలు ముఖం చాటేస్తే మనవాళ్లు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. వెంట పిల్లలూ పోతారు. బడి తప్పితే చదువుతోపాటు మధ్యాహ్న భోజనమూ, మాత్రా తప్పుతాయి. ఇది నిమ్మకాయతో తీరే సమస్య కాదు. పిల్లలను ఊళ్లోనే ఉంచి అన్నంపెట్టి చదివించే వసతి ఉండాలి.

మిత్రులారా! సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇంట్లో టీ గ్లాసును భోజనానికి గంటో, రెండు గంటలో దూరం జరపండి. కునికే పిల్లవాణ్ణి తిట్టేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపొండి. మొద్దు అనుకున్నవాడు రేపు మన కాలేజీ బెంచీ మీదే కూర్చోవచ్చు.