పహరా బదిలీ

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి పని వెదకికొనుచు ఉత్తరమునకు పయనించి, ఖరగ్‌పూర్ కర్మాగారమునందును యార్డులందును కుదురుకొనిన తెలుగు కుటుంబములు, తరములు గడచినను ఆ యూరిని విడువలేదు. మాలంచ, మథురాకాటి, నిమ్‌పురా వీధులలో నేటికిని ఉత్తరాంధ్రపు యాస చెవిని బడుచుండును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసగుటకు సమ్మతించినప్పుడు, అందఱి నోటను ముందుగ వచ్చిన పేరు ఈ యూరిదే. అట్లని వీరికి ఆంధ్రదేశముతో పొత్తు తీరిపోలేదు. సంక్రాంతి వచ్చెనా, పెండ్లి కుదిరెనా, ఇంటికి తాళము వైచి ఆమదాలవలస వైపు రైలెక్కవలసినదే. పూర్వము ఆ తాళమునకు పొరుగింటి బెంగాలీ దిదియో, ఎదురింటి పింఛనుదారుడైన తాతగారో కాపు. ఇప్పుడా పనిని గేటు మీదను, పెరటి గోడ మీదను, మేడమెట్ల దాపునను అమర్చిన సీసీ కెమెరాలు చేయుచున్నవి. అవి చూచినదానిని గుర్తుంచుకొను బాధ్యత మాత్రము ఇంటిలో నొక మూల రేయింబవళ్లు గుఱ్ఱుమనుచుండు పాత కంప్యూటరుపై బడినది.

ఆ కంప్యూటరును సెలవులకు వచ్చిన కుమారుడో అల్లుడో రెండుమూడు దినములు కూర్చుండి సిద్ధపఱచి, ఉద్యోగమునకై హైదరాబాదునకో బెంగుళూరునకో మరలిపోయి యుండును. అతడు పెట్టిన పాస్‌వర్డు క్యాలెండరు వెనుక వ్రాసి యుండినచో ఆ యింటివారు అదృష్టవంతులు. ఇట్టి యంత్రములకు ఇప్పుడు ఒక్కమాఱుగ బదిలీ కాలము వచ్చినది. ఏలయన 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము ముగిసినది, దాని తరువాతిదగు విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని తనకు తగినవిగా నంగీకరింపదు. క్రొత్త కంప్యూటరు కొనుటకు నిశ్చయించుకొనిన గృహస్థుని మొదటి దిగులు రికార్డింగులను గుఱించి. నెలల తరబడి కూడిన యీ దృశ్యములన్నియు ఏమగునని అతడు దుకాణదారు నడుగును. నా యెఱుకలో ఆ దిగులు పడవలసిన చోట పడలేదు. ఈ బదిలీలో మిక్కిలి చోటు నాక్రమించు వస్తువే యన్నిటికంటె అల్పమైనది; ఒక చిన్న ఫైలులో ఇమిడిపోవు నాలుగు సంగతులే పోగొట్టుకొనరానివి.

ఇంటిగడపకు కన్నులు పెట్టవలెనన్న ఊహ ఎవ్వరో పెద్ద కంపెనీవారిది కాదని యిచ్చట స్మరించుట ఉచితము. న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, వేళగాని వేళల ఇంట నొంటరిగ నుండవలసి వచ్చి, తలుపు తట్టిన మనిషిని పడకగదిలోని తెరపై చూచునట్లు ఒక ఏర్పాటును భర్త ఆల్బర్టుతో గూడి కల్పించి, 1966లో పేటెంటునకు దరఖాస్తు పెట్టి 1969లో దానిని పొందినది. అటుపిమ్మట 1996లో స్వీడను దేశపు ఆక్సిస్ సంస్థ, నేరుగా కంప్యూటరు నెట్‌వర్కునకు తగిలింపదగిన కెమెరాను విపణిలోనికి తెచ్చినది. ఒక సంస్థ కెమెరా మఱియొక సంస్థ సాఫ్ట్‌వేరుతో మాటలాడజాలని అవస్థను తొలగించుటకు ఆక్సిస్, బాష్, సోనీ సంస్థలు 2008లో ఆన్‌విఫ్ అను ఉమ్మడి వేదికను నెలకొల్పినవి. నేడు గోల్‌బజారులో కొనిన యేదో యొక కెమెరాను మన యిష్టమైన సాఫ్ట్‌వేరునకు జతపఱుపగలుగుచున్నామన్నచో అది చాలవఱకు ఆ యొడంబడిక చలువయే. కొనునప్పుడు డబ్బా మీద ఆన్‌విఫ్ పేరున్నదో లేదో చూచుకొనుట మాత్రము మఱువరాదు.

ఇక బదిలీ సంగతి. సామాన్యముగ కెమెరాకు కంప్యూటరెవరో తెలియదు. ఈ మాట వింతగ దోచును గాని, ఇందే మన పని సులభమగు కిటుకున్నది. కెమెరా తనకిచ్చిన 192.168.1.20 వంటి చిరునామాలో, సాధారణముగ 554వ సంఖ్య గల ద్వారము తెఱచుకొని యూరక నిలిచియుండును. 1998లో ప్రమాణముగ ప్రకటింపబడిన ఆర్‌టీఎస్‌పీ అను పద్ధతిలో ఎవ్వరు వచ్చి సరియైన పేరును పాస్‌వర్డును చెప్పి యడిగినను, తాను చూచుచున్న దృశ్యమును వారికి ధారగ పంపును. పాత కంప్యూటరు ఇన్నాళ్లు అట్లడుగుచు వచ్చినది, రేపటి నుండి క్రొత్తది యడుగును. కావున నిచ్చెన వేసికొని కెమెరాలను ఒక్కటొక్కటిగ ముట్టవలసిన పని లేదు. కదలిక గనినంతనే చిత్రమును తానుగా కంప్యూటరునకు పంపునట్లు కెమెరాలోనే ఏర్పాటు చేసియున్నచో, అప్పుడు మాత్రము ఆ గమ్యస్థానమును లోపలికి పోయి దిద్దవలసి యుండును.

అయితే ఆ చిరునామా స్థిరముగ నుండవలెను. రౌటరు ఇంటిలోని పరికరములకు చిరునామాలను తన యిచ్చ వచ్చినట్లు పంచుచుండును. కరెంటు పోయి వచ్చినప్పుడు నిన్న గేటు కెమెరాదైన సంఖ్య నేడు టీవీదై కూర్చుండవచ్చును. బదిలీకి పూర్వమే రౌటరులో ప్రతి కెమెరాకు దాని చిరునామాను రిజర్వు చేసి, ఒక కాగితముపై కెమెరా పేరు, చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు వ్రాసికొని, ఆ కాగితమును ఇంటిపత్రములతో బాటు భద్రపఱచుట మేలు. రౌటరు మార్పును, కంప్యూటరు మార్పును ఒకే దినమున పెట్టుకొను వారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే గాని అనుకరింపరాదు. ఏదేని తప్పినప్పుడు దోషమెచ్చటిదో తేల్చుట దుస్తరము.

కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు తన మనస్సును ఎచ్చట దాచుకొనునో ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరు. విండోస్ వాడువారిలో ప్రసిద్ధమైన బ్లూ ఐరిస్, కెమెరాల వివరములను, కదలికను గుర్తింపవలసిన హద్దులను, హెచ్చరికల వేళలను విండోస్ రిజిస్ట్రీలో దాచును. వానినన్నిటిని ఒక చిన్న ఫైలుగ ఎగుమతి చేసికొను వీలును దానిలోనే కల్పించినారు. లినక్సుపై నడచు ఫ్రిగేట్ మఱింత నిరాడంబరమైనది: దాని యేర్పాట్లన్నియు చదువ వీలగు ఒకే యొక అక్షరఫైలులో నుండును, జరిగిన ఘటనల పట్టిక వేఱొక ఫైలులో నుండును. పెరటిలోని తులసికోట యొద్ద గాలికి కొమ్మలూగినప్పుడెల్ల అర్ధరాత్రి ఫోను మ్రోగకుండ, ఆ భాగమును మాత్రము మినహాయించి గీసిన గీత ఎంత సహనముతో కుదిరినదో ఆ యింటివారికే తెలియును. అట్టి గీతలన్నియు ఈ చిన్న ఫైలుననే యుండును. దీనిని పెన్‌డ్రైవులో నొక ప్రతి, ఇంకొక చోట నొక ప్రతి యుంచుకొనకుండ పాత యంత్రముపై చేయి వేయరాదు.

క్రొత్త యంత్రమున మొదట పాతదానిలోనున్న వర్షనునే ఎక్కించి, ఆ ఫైలును దిగుమతి చేసి, అంతయు సరిగ నడచుచున్నదని తేలిన పిమ్మటనే నవీకరణము జోలికి పోవుట క్షేమము. పాతదానిలో రికార్డింగులు డి డ్రైవులో నుండి క్రొత్తదానిలో ఇ డ్రైవులో పెట్టినచో, దిగుమతి యైన యేర్పాట్లు లేని చోటును వెదకుచు తెల్లబోవును. డ్రైవు అక్షరమును, ఫోల్డరు పేరును మునుపటివలెనే యుంచిన ఈ చిక్కే పుట్టదు. వెల యిచ్చి కొనిన సాఫ్ట్‌వేరయినచో లైసెన్స్ కీ సంగతి యొకటి కలదు. బ్లూ ఐరిస్ వంటివానిలో ఒక కీ ఒక యంత్రమునకు కట్టుబడి యుండును గనుక, పాత యంత్రమున దానిని విడుదల చేయక ఆ యంత్రమునే పాతసామానుల వానికి తూకమునకు వేసినచో, కీ కొఱకు అమ్మినవారితో ఉత్తరప్రత్యుత్తరములు నడుపవలసి వచ్చును.

ఇప్పుడు ఆ దిగులు పుట్టించిన రికార్డింగులను లెక్కవేయుదము. ఒక కెమెరా సెకనునకు 4 మెగాబిట్ల చొప్పున నిరంతరము పంపుచున్నచో దినమునకు సుమారు 43 గిగాబైట్లు చేరును. నాలుగు కెమెరాలకు దినమునకు 173, ముప్పది దినములకు 5 టెరాబైట్లు దాటును. 100 మెగాబిట్ల పాత తీగపై దీనిని క్రొత్త యంత్రమునకు పంపబూనినచో అన్నియు అనుకూలించినను దాదాపు ఐదు దినములు పట్టును. గిగాబిట్ తీగపై సగము దినము పట్టును. అట్లు శ్రమించి తెచ్చినది ముప్పది దినములలో తనంతట తానే చెఱిగిపోవలసిన సరకు! వీధిలో ఆవు నడచుట, పాలవాడు వచ్చుట, పత్రికవాడు విసరిన పత్రిక తడియుట, వీనిని మోసికొని పోవుట యెందులకు? అందులో నిలుపుకొనదగిన తునుకలను, అనగా మనుమరాలు తొలుత గేటు దాటి బడికి పోయినదియో, గొడవ జరిగిన రాత్రిదియో యేరుకొని, ఎచ్చటనైన తెఱచుకొన వీలగు ఎంపీ4 రూపమునకు మార్చి దాచుకొనవలెను. బ్లూ ఐరిస్ తన స్వంత రూపములో భద్రపఱచిన ఫైళ్లను సామాన్యమైన ప్లేయర్లు తెఱవలేకపోవచ్చును. తక్కినదానిని పాత డిస్కులోనే వదలివేయుడు. ఏండ్ల తరబడి ఆగక వ్రాసి వ్రాసి యలసిన ఆ డిస్కును క్రొత్త పెట్టెలో బిగించుట కూడ పిసినారితనమే. కెమెరా రికార్డింగుల కొఱకే చేసిన క్రొత్త డిస్కులు దొరకుచున్నవి.

పని మొదలిడిన దినముననే పాతదానిని ఆపివేయ నక్కఱలేదు. ఈ సందర్భమున ఖరగ్‌పూర్ వారికి చిరపరిచితమైన పెద్ద బదిలీ యొకటి గుర్తునకు వచ్చుచున్నది. 1072 మీటర్లకు మించిన ప్లాట్‌ఫారముతో ఒకప్పుడు ప్రపంచములోనే ప్రథమస్థానము వహించిన ఆ స్టేషనులో, 2017 నవంబరులో పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానమున ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగును ప్రవేశపెట్టినారు. మునుపు 423గ నున్న మార్గముల సంఖ్య 800కు పెరిగినది. పట్టాల కూడలి సరిగ మరలి బిగిసిన పిమ్మట గాని సిగ్నలు దిగకుండ కాచునదే ఇంటర్‌లాకింగు. ఒక పట్టాల కూడలికి ఇద్దఱు యజమానులు ఏకకాలమున ఆజ్ఞలీయరాదు గనుక, పాతదానిని విప్పి క్రొత్తదానిని నిలుపు ఆ దినములలో మనుష్యుల చేతులమీదుగ జాగ్రత్తతో రైళ్లను నడుపవలసి వచ్చినది, ఎన్నో రైళ్లు రద్దైనవి. గృహస్థునకు ఆ యగచాట్లు లేవు. కెమెరా ఆజ్ఞ గైకొనునది కాదు, దృశ్యము నిచ్చునది. సాధారణముగ ఒకే కాలమున ఇద్దఱు ముగ్గురు అడిగినను ఇచ్చును. కాబట్టి ఉచితమైన సాఫ్ట్‌వేరయినచో నిర్భయముగను, వెలగలదానికి లైసెన్సు అనుమతించినంత మేరకును, కొన్నాళ్లు రెండు యంత్రములను సరిసమానముగ నడిపి, రాత్రి చీకటిలోను, వానలోను క్రొత్తది పాతదానివలెనే పట్టుకొనుచున్నదా యని పోల్చిచూడవచ్చును. ఇంటిలో నొకరిని చీకటి పడిన పిమ్మట పెరటి తలుపు నుండి గేటు వఱకు నడువుమని చెప్పి ఫోనునకు హెచ్చరిక వచ్చునేమో చూచుట కంటె మంచి పరీక్ష లేదు.

కాలమును గూడ పరీక్షింపవలెను. కెమెరాలు తమ గడియారమును కొన్ని యిండ్లలో ఆ పాత కంప్యూటరునే యడిగి దిద్దుకొనుచుండును. అది మూతపడినంతనే ఒక్కొక్కటి ఒక్కొక్క దారి పట్టి, నెల తిరుగునప్పటికి గేటు కెమెరాకు పెరటి కెమెరాకు ఎడము కానవచ్చును. రైలు గంట యాలస్యమైనను సహించు ఊరే గాని, నమోదైన వేళ నిమిషము తప్పినను సహించు ఊరు కాదది. క్రొత్త యంత్రమునకో, రౌటరునకో ఆ బాధ్యత నప్పగింపవలెను.

వైశాఖమునకు ముందు వెనుకల సాయంకాలమున కాలబైశాఖి గాలివాన విరుచుకొని పడినప్పుడు ఖరగ్‌పూర్‌లో కరెంటు పోవుట యెఱిగినదే. తాళము వేసిన యింటిలో కరెంటు తిరిగి వచ్చినను కంప్యూటరు మీట నొక్కువారెవరు? క్రొత్త యంత్రపు బయోస్ ఏర్పాట్లలో, విద్యుత్తు మరలివచ్చినంతనే తానుగా లేచునట్లు ఒక ఎంపిక యుండును. ఎవ్వరును లాగిన్ కాకున్నను సాఫ్ట్‌వేరు మొదలగునట్లు దానిని విండోస్ సర్వీసుగ నుంచుకొనవలెను. రౌటరును కంప్యూటరును ఒకే చిన్న యూపీఎస్ మీద పెట్టి, ప్రయాణమునకు ముందు దినము ప్లగ్గు పీకి మరల పెట్టి చూచుకొనిన చాలును.

పాస్‌వర్డుల మాట చెప్పక తప్పదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారము నుండి వచ్చినప్పటి పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రౌటర్లను సుమారు 60 పేరు-పాస్‌వర్డు జంటలతోనే వశపఱచుకొని, అక్టోబరు 21న వానిలో పెక్కింటిని ఒక్కమాఱుగ ఉసిగొల్పి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు కొన్ని గంటలపాటు అందకుండ చేసినది. బదిలీ సమయమున ఎట్లును అన్నియు వ్రాసికొనుచున్నారు గనుక, కెమెరాల పాత పాస్‌వర్డులను మార్చుటకు ఇదే యదను. పాత యంత్రము కొఱకు రౌటరులో బయటి నుండి తెఱచిన ద్వారములున్నచో వానిని మూసివేయుడు.

చివరకు మిగులునది పాత డిస్కు. ఒక మాసమైన దానిని బీరువాలో నుంచి, ఏమియు మఱచిపోలేదని రూఢియైన పిమ్మట వదిలించుకొనవచ్చును. త్వరిత (క్విక్) ఫార్మాటు చేసినంతమాత్రమున దృశ్యములు చెఱిగిపోవని యెఱుగవలెను. దుకాణములో దానిని కొనినవాడు ఓపికతో తిరిగి తీయగలడు. మీ యింటివారు ఏ వేళ బయలుదేరుదురో, ఏ వేళ వత్తురో ఆ డిస్కునకు తెలిసినంత పొరుగువారికి గూడ తెలియదు. దాని మీద ఆద్యంతము శూన్యములను వ్రాయించి తుడిపించిన పిమ్మటనే అమ్మవలెను. అయితే ఆ డిస్కులో దొంగతనమో, తగవో నమోదై పోలీసులకు ఫిర్యాదు చేసియున్నచో, తుడుచుట కాదు గదా, దానిని మరల నడుపుట కూడ మంచిది కాదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ సాక్ష్యముతో పాటు ధ్రువపత్రమును, ఫైలు మాఱలేదని చూపు హ్యాష్ సంఖ్యను సమర్పింపవలసి యుండును. అట్టి డిస్కును ఊడదీసి, కవరులో నుంచి, తేదీ వ్రాసి అంటించి, కేసు తేలువఱకు కదలింపక యుంచుడు.